తుమామా ఇంట్లో నేర్చిన ఒక క్రియాపదం

మొన్న ఆదివారం వంటింట్లో చింతపండు పిసుకుతుంటే హాల్లోంచి ఎవరో ముసలామె "ఐగో..." అని నిట్టూర్చింది. నా చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. తొంగి చూస్తే మా చిన్నమ్మాయి సోఫాలో కాళ్ళు ముడుచుకుని ఫోన్‌లో ఏదో కొరియా సీరియల్ చూస్తోంది. తెర మీద పండుజుట్టు అవ్వ ఒకామె మోకాళ్ళు పట్టుకుని నేల మీద కూర్చుంటోంది. "ఐగో అంటే మన అయ్యో అనే కదమ్మా?" అంది పాప, తల తిప్పకుండానే. అవునన్నాను. నీకెట్లా తెలుసని అది అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ కాలం పిల్లలకు కొరియా అంటే పాటలు, నూడుల్స్, తెల్లటి మొహాలు. నాకు మాత్రం వేయించిన నువ్వుల నూనె వాసన, మిద్దె మీద ఎర్రగా పరిచిన మిరపకాయలు, ఇంకా ఒక ఇంగ్లీషు క్రియాపదం. ఆ మధ్యాహ్నమంతా పులుసు కాగుతూనే ఉంది, నేను మాత్రం ఆ ఇంట్లోనే తిరుగుతూ ఉండిపోయాను.

ఆ ఇల్లు కొరియాలో లేదు, ఖతర్‌లో ఉంది. దోహాకు దక్షిణంగా తుమామాలో. అప్పట్లో అక్కడ ఇళ్ళు పలచగా ఉండేవి. మా కాంపౌండు గోడ దాటితే ఇసుక, దాని మీద పొద్దున పడే లేత గులాబీ వెలుగు, దూరంగా కట్టీ కట్టని గోడలు. ఇంటి సారు ఉత్తరాన గ్యాస్ ప్లాంటు కట్టే సైటులో ఇంజనీరు. వారమంతా అక్కడి క్యాంపులోనే ఉండి గురువారం సాయంత్రం వచ్చేవారు, శుక్రవారమంతా నిద్రపోయి మళ్ళీ వెళ్ళిపోయేవారు. కాబట్టి ఆ ఇంట్లో నిజంగా కాపురమున్నది ముగ్గురు ఆడవాళ్ళం. సారు భార్య సున్‌హీ మేడమ్, సారు తల్లి, నేను. పెద్దావిడను మేడమ్ పిలిచినట్టు "ఒమొని" అనడానికి నాకు నోరు తిరగక, మా ఊరి అలవాటు కొద్దీ మొదటిరోజే "అవ్వా" అనేశాను. ఆవిడ పలికింది. ఆ తర్వాత అదే పేరు నిలిచిపోయింది. నా పేరు రెడ్డెమ్మ. అంత పొడుగు పేరు మేడమ్‌కు పట్టక "రెడీ" అని పిలిచేది. రోజుకు ఇరవైసార్లు ఎవరో నన్ను సిద్ధమేనా అని అడుగుతున్నట్టుండేది.

నేను ఆ ఇంటికి ఎట్లా చేరానో చెప్పాలి. రాయచోటి పక్కన మా ఊళ్ళో వరసగా రెండేళ్ళు వాన రాలేదు. వేసిన సెనిక్కాయ వేసినట్టే మాడిపోయింది. నాయనకు నడుము పడిపోయి మంచం దిగలేకపోయాడు. నేను ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి కూర్చున్నాను. ఇంగ్లీషంటే నాకు పిచ్చి. డిగ్రీ చదివి టీచరు కావాలని ఉండేది. మా ఊరికి పేపరు రాదు కాబట్టి రిజల్టు వచ్చిన రోజు మా మేనమామ బస్సెక్కి రాయచోటికి పోయాడు. మధ్యాహ్నం నేను నీళ్ళబిందెతో లోపలికి వచ్చేసరికి తిరిగొచ్చి ఉన్నాడు. చెప్పులు విడవకుండానే "లేదు పాపా, నీ నంబరు పడలే" అన్నాడు. అమ్మ పొయ్యి ముందు సంగటి కెలుకుతోంది. ఇటు తిరగలేదు. "సరే, ఏడిస్తే వస్తాదా. ఏజెంటు దగ్గర వీసా ఉండాదంట. పోతావా?" అంది. మూడు రోజులు గోడకు తిరిగి పడుకుని ఏడ్చాను. నాలుగో రోజు ఫోటో దిగడానికి పోయాను. మా వైపు ఎవరు ఏ దేశం పోయినా కోయిట్, అంటే కువైట్, పోయినట్టే. బస్సెక్కేటప్పుడు ఊరంతా "కోయిట్‌లో జాగ్రత్త పాపా" అని పంపించారు. దిగింది మాత్రం దోహాలో. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు.

అవ్వ తెల్లవారుజామున, మసీదులో మొదటి బాంగు కంటే ముందే లేచేది. బియ్యం మూడుసార్లు కడిగేది. మొదటి కడుగునీళ్ళు పారబోసి, రెండోసారి నీళ్ళు సూపులోకి దాచేది. మా అమ్మ కూడా కుడితి తొట్లో పోయకుండా కడుగునీళ్ళు దాచుకుని పులుసులో పోసేది కాబట్టి నాకు అక్కడ సగం ఊరు దొరికినట్టయింది. పెరట్లో నీడపట్టున నాలుగు నల్లటి జాడీలు ఉండేవి. వాటిలో మిరపపిండి ముద్ద, సోయా ముద్ద ఊరుతూ ఉండేవి. రోజూ పొద్దున తడిగుడ్డతో వాటి పొట్టలు తుడిచి, మూతలు తీసి, ఎండ చూపించేది. ఇసుకగాలి లేస్తుందని ఆమెకు నాకంటే ముందు తెలిసేది. ముక్కు ఎగబీల్చి, నన్ను భుజం మీద తట్టి, ఆకాశం వైపు గడ్డంతో చూపించేది. ఇద్దరం పరిగెత్తి మూతలు పెట్టేవాళ్ళం. పావుగంటలో లోకమంతా పసుపురంగైపోయేది. కిటికీల సందుల్లో తడిగుడ్డలు కుక్కి వంటింట్లో కూర్చుని ఎండు చేపల తలలు తుంచేవాళ్ళం. మా ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఆమె కొరియా భాషలో మాట్లాడేది, నేను తెలుగులో మాట్లాడేదాన్ని. ఎవరికీ కష్టం అనిపించలేదు.

కష్టమంతా ఆ ఇద్దరి మధ్య ఉండేది, ఒకే భాష ఉన్న అత్తాకోడళ్ళ మధ్య. గొడవలేమీ లేవు. నేను ఆ ఇంట్లో ఒక్కసారి కూడా గట్టి మాట వినలేదు. మేడమ్ రెండు చేతులతో అత్త ముందు గిన్నె పెట్టి, తలవంచి, వెనక్కి జరిగేది. అవ్వ తిని, చెంచా బోర్లించి లేచేది. ఆ తర్వాత మేడమ్ కూర్చునేది. ఒకరున్న గదిలోకి రెండోవాళ్ళు అవసరం లేకుండా వచ్చేవాళ్ళు కాదు. మొదట్లో అది వాళ్ళ మర్యాద అనుకున్నాను. రెండు మూడు నెలలకు మర్యాదకూ చలికీ తేడా తెలిసింది. నన్ను చూసి నవ్వే ఇద్దరు మనుషులు ఒకరి వైపు ఒకరు చూసుకోగానే మొహాలు కడిగిన పలకల్లా అయిపోయేవి.

మేడమ్ వారానికి రెండురోజులు పొద్దునపూట ఒక బ్రిటిష్ టీచరమ్మ ఇంటికి ఇంగ్లీషు నేర్చుకోవడానికి పోయేది. ఇంటి దగ్గర చదువుకోవడానికి ఒక లావుపాటి పుస్తకం ఉండేది. కొరియా వాళ్ళకోసమే అచ్చు వేసింది. పేజీకి ఒక క్రియాపదం. పైన పెద్ద అక్షరాల్లో ఇంగ్లీషు మాట, కింద గుండ్రాలూ గీతలూ కలిసిన వాళ్ళ లిపిలో అర్థం, అడుగున చిన్న డబ్బాలో రెండు ఇంగ్లీషు వాక్యాలు. నేను ఇంగ్లీషు చదవగలనని తెలిసిన రోజు మేడమ్ మొహం వెలిగిపోయింది. అప్పటి నుంచి మధ్యాహ్నం అవ్వ కునుకు తీసే వేళ, వంటింటి బల్ల మీద వెల్లుల్లి పొట్టు తీస్తూ నేను, పుస్తకం పట్టుకుని ఆమె. ఆమెకు 'ర', 'ల' వేరుగా పలకవు. రైస్ అంటే లైస్, లైట్ అంటే రైట్. నేను మా ఒకటో తరగతి అయ్యవారిలాగా "ర అనమ్మా, నాలుక వణకాల. ఇప్పుడు ల అను, నాలుక పైకి అంటాల" అని దిద్దించేదాన్ని. తప్పు పలికినప్పుడల్లా ఇద్దరం నవ్వేవాళ్ళం. నేను టీచరునైంది నిజానికి అక్కడే, వెల్లుల్లి వాసన వేసే వేళ్ళతో.

ఒక మధ్యాహ్నం ఆ పుస్తకంలో ర్యాంకిల్ అనే మాట వచ్చింది. నాకూ అది కొత్తే. రానూ, లానూ రెండూ ఉన్న మాట కాబట్టి మేడమ్ "లాంకర్, రాంకర్" అంటూ చాలాసేపు కుస్తీ పట్టింది. అది అయ్యాక టీచరమ్మకు చూపించడానికి వాక్యం రాసింది. ఐ ర్యాంకిల్ అని మొదలుపెట్టింది. నాకెందుకో అది తప్పనిపించింది. డబ్బాలో ఉన్న వాక్యం మళ్ళీ చదివాను. అతని మాటలు ఇంకా ర్యాంకిల్ చేస్తున్నాయి అని ఉంది అక్కడ. ఇంట్లో ఉన్న చిన్న డిక్షనరీ తీసి చూశాను. అప్పుడు తెలిసింది, ఈ పని మనిషి చేసేది కాదు. ఎప్పుడో అన్న మాటో జరిగిన పనో మనిషిలో ఉండి చేస్తుంది, లోలోపల సలుపుతుంది. "మేడమ్, ఇందులో 'నేను' ముందు రాకూడదు. ఆ జరిగింది ముందు రావాలి. అది చేస్తుంది, మనం పడతాం" అని చేతులతో, వచ్చినంత ఇంగ్లీషుతో చెప్పాను. మా ఊళ్ళో తుమ్మముల్లు మడమలో విరిగిపోతే పైకి చర్మం మూసుకుపోతుంది, అడుగు వేసినప్పుడల్లా మాత్రం కలుక్కుమంటుంది. దాన్నే నేలమీద కుంటి చూపించాను. మేడమ్ నవ్వలేదు. వాళ్ళ భాషలో దీనికి ఒక మాట ఉందని చెప్పింది. పొద్దున ఆకు మీద మంచుబొట్టు కట్టినా, కొమ్మకు పిందె కట్టినా, మనసులో ఏదైనా కట్టుకుపోయినా అదే మాటట. ఎంత చక్కటి మాటో అనుకున్నాను. ఆమె కాగితం మీద పాత వాక్యం కొట్టేసి మెల్లగా ఇంకోటి రాసింది. ఆ టెలిఫోన్ నన్ను ఇంకా ర్యాంకిల్ చేస్తోంది.

"ఏ టెలిఫోన్ మేడమ్?" అన్నాను.

వెల్లుల్లి పొట్టు బల్ల మీద ఒక పక్కకు ఊడుస్తూ చెప్పింది. పెళ్ళయిన కొత్తలో, అత్తగారింట్లో మామగారి తద్దినం రోజు. పొద్దున్నుంచీ వంట. ఇరవైమంది చుట్టాలు. హాల్లో ఫోన్ మోగింది. అత్తగారు తీసి, విని, పెట్టేసింది. వంటింట్లోకి వచ్చి ముల్లంగి తరగమంది. రాత్రి తంతు ముగిసి, గిన్నెలు కడిగి, చుట్టాలు వెళ్ళిపోయాక, తెల్లారి అప్పుడు చెప్పింది. మీ నాన్నకు బాగాలేదట, నిన్న ఫోన్ వచ్చింది అని. మేడమ్ రైలు దిగేసరికి వాళ్ళ నాన్న పోయి నాలుగు గంటలైంది. చివరిదాకా కూతురు పేరే పిలిచాడట.

"నేను కోడలిని. ఏమీ అనలేదు. ఇప్పటికీ అనలేదు" అంది మేడమ్. "ఏడేళ్ళు." తర్వాత పుస్తకం మూసి, మొహం కడుక్కోవడానికి వెళ్ళింది.

ఆ మాట ఆమెకు బాగా పట్టుకుంది. ఆ వారమంతా మెట్లు దిగుతూ, బట్టలు మడతపెడుతూ "ర్యాంకిల్, ర్యాంకిల్" అని పలకడం సాధన చేసేది. రా, లా రెండూ శుభ్రంగా వచ్చేశాయి.

సరిగ్గా ఆ వారమే నాకు ఉత్తరం వచ్చింది. కంపెనీ కారు నడిపే మల్లయ్యన్న తెచ్చాడు. ఆయనది జగిత్యాల వైపు. వాళ్ళ ఊళ్ళో ఎవరు ఏ దేశం పోయినా దుబాయ్ పోయినట్టేనని నవ్వేవాడు. "రెడ్డెమ్మ చెల్లె, నీకు చిట్టీ అచ్చింది చూడు. మీ దిక్కు ముద్రే ఉన్నది" అని గేటు దగ్గరే చేతిలో పెట్టాడు. కాలేజీలో నా పక్కన కూర్చునే షాహిదా రాసింది. నా అడ్రసు పట్టుకోవడానికి దానికి ఏడాది పట్టింది. ఉత్తరంలో సగం కోపమే. "ఫస్ట్ క్లాసులో పాసై, ఇంగ్లీషులో కాలేజీకంతా ఫస్టొచ్చి, మార్కుల మెమో కూడా తీసుకోకుండా కోయిట్ పోతావా? లెక్చరర్ గారు నిన్ను అడగని రోజు లేదు. అంత తొందరేమొచ్చిందే నీకు?"

అక్కడే నిలబడి మూడుసార్లు చదివాను. ఎండ నెత్తి మీద పడుతోంది. మల్లయ్యన్న కారు తీయబోయి ఆగాడు. "ఏమైందే చెల్లె, గట్ల నిలవడ్డవ్? ఇంటికాడ అందరు మంచిగున్నరా?"

"మంచిగున్నారన్నా" అన్నాను. "నేను పాసైనానంట."

"గది సంతోషమే గదనే!" అని ఆయన నవ్వి, నా మొహం చూసి నవ్వాపేశాడు.

మామ పేపరు చూశాడు. చూసి అమ్మకు చెప్పాడు. ఇద్దరూ కలిసి నాకు లేదని చెప్పారు. అమ్మ పొయ్యి వైపు నుంచి ఎందుకు తిరగలేదో అప్పుడర్థమైంది. ఆ రెండు మూడు రోజులు నేనేం వండానో, ఏం తుడిచానో గుర్తులేదు. జాడీల మూతలు తీయడం ఒకరోజు మర్చిపోయాను. అవ్వ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, అల్లం కషాయం కాచి ఇచ్చింది. నేను ఆమె ఎదురుగా కూర్చుని తాగుతూ ఆమె మొహంలో మా అమ్మ మొహం వెతుక్కున్నాను. ప్రేమతో కాదు.

మర్నాడు పొద్దున మిద్దె మీద మిరపకాయలు పరుస్తున్నాం. అవ్వ ఉన్నట్టుండి, కోడలి గొంతును అనుకరిస్తూ, "రాంకుర్, రాంకుర్" అని, "మొయా?" అంది. ఏమిటది అని అడగడం. ఏదో పాట అనుకుందేమో. కళ్ళలో నవ్వుంది. నేను ఏమీ తెలియదని తల అడ్డంగా ఊపి ఊరుకోవాల్సింది. ఊపలేదు. మిరపకాయ తొడిమె ఒకటి తీసుకుని అరచేతిలో గుచ్చుకున్నాను. గుప్పిట మూశాను. గుప్పిటను గుండె మీద పెట్టుకున్నాను. అవ్వ తలూపింది, అర్థమైందన్నట్టు. అక్కడితో ఆగినా సరిపోయేది. కిందికి, మేడమ్ గది వైపు వేలు చూపించాను. తర్వాత బొటనవేలు చెవి దగ్గర, చిటికెనవేలు నోటి దగ్గర పెట్టి, ఫోన్ ఎత్తినట్టు ఎత్తి, పెట్టేసినట్టు పెట్టేశాను.

ఆ చెయ్యి నేను చూపించింది అవ్వకు కాదు. మా అమ్మకు. కానీ చూసింది అవ్వ.

నవ్వు పోయింది. తర్వాత మిరపకాయల మధ్య మోకాళ్ళ మీదే వెనక్కి జరిగి, గోడకు ఆనుకుని కూర్చుంది. ఐగో కూడా అనలేదు. నేను పరుస్తున్న కాయలు వదిలేసి కిందికి వచ్చేశాను. మేడమ్ నన్ను నమ్మి చెప్పుకున్న మాట, ఏడేళ్ళు ఎవరికీ చెప్పని మాట, నేను మిద్దె మీద పెట్టేశాను. ఆమెకు తెలిస్తే నా పని ముగిసినట్టే. వీసా ముగుస్తుంది, ఊరికి పోవాలి. ఊరికి పోతే ఆ పొయ్యి ముందుకే పోవాలి.

నాలుగైదు రోజులు అవ్వ నాతో మాట్లాడలేదు. పొద్దున లేచేది, బియ్యం కడిగేది, జాడీలు తుడిచేది. అన్నం సగం వదిలేసేది. మేడమ్ గమనించి "ఒమొనికి ఒంట్లో బాగాలేదా?" అని నన్నడిగింది. తెలియదన్నాను. నా జీవితంలో అంత పొడుగైన వారం ఇంకోటి లేదు. వేడి తగ్గిన సాయంత్రాల్లో ఇసుక మీద గాలి వేసిన గీతలు చూస్తూ పెరట్లో కూర్చునేదాన్ని. ఎవరో ఒకరు పిలిచి వెళ్ళిపొమ్మంటారని ఎదురు చూసేదాన్ని.

పిలిచింది అవ్వే. మేడమ్ క్లాసుకు పోయాక నన్ను గోడ మీద క్యాలెండరు దగ్గరికి తీసుకెళ్ళి, మరో పది రోజుల తర్వాత ఉన్న ఒక అంకె మీద వేలు పెట్టింది. మేడమ్ గది వైపు చూపించింది. తన గుండె మీద చెయ్యి పెట్టి, మీసం ఉన్నట్టు పెదవి పైన వేలు రాసి, ఆకాశం వైపు చూపించింది. నాకర్థమైంది. మేడమ్ నాన్న. ఆయన పోయిన రోజు. అవ్వ పెదవుల మీద వేలు అడ్డం పెట్టింది, చెప్పొద్దని.

ఆ రోజు మేడమ్ కారెక్కిన మరుక్షణం పని మొదలైంది. ముందురోజే మల్లయ్యన్న చేత చేపల మార్కెట్ నుంచి పెద్ద హమ్మూర్ చేప తెప్పించి దాచాం. "ఏందే చెల్లె, అవ్వ నాకు కూడ సైగలే చేస్తున్నది, పండుగనా?" అన్నాడాయన. మామగారి తద్దినం కొరియాలోనే చుట్టాలు జరిపేవాళ్ళు కాబట్టి, వాళ్ళ తద్దినం వంటలో మిరపకాయ, వెల్లుల్లి పడకూడదని నాకు తెలియదు. అలవాటుగా కారం డబ్బా అందుకుంటే నా చేతి మీద ఒక్క దెబ్బ వేసింది. ఆ దెబ్బకు నాకు ప్రాణం లేచొచ్చింది. నాతో మళ్ళీ మామూలుగా ఉంది కదా అని. చేప ఆవిరి మీద ఉడికింది. ముల్లంగి, మాంసం వేసి తెల్లటి సూపు కాచింది. వాళ్ళ రేగుపళ్ళ బదులు అక్కడి ఖర్జూరాలు. బేరిపళ్ళు తల భాగం కోసి పెట్టింది. సారాయి ఆ దేశంలో దొరకదు, బార్లీ నీళ్ళు పోసింది. హాల్లో బల్ల తుడిచి, అన్నీ వరస తప్పకుండా అమర్చి, చివరికి తన గదిలోంచి ఒక కవరు తెచ్చింది. కొడుకు పెళ్ళినాటి ఫోటోలు. ఒకదాంట్లో వియ్యంకుడు ఒక పక్కగా నిలబడి ఉన్నాడు, సన్నగా, మీసంతో. ఆ ఫోటోను గ్లాసుకు ఆనించి నిలబెట్టింది. వాళ్ళలో ఇది పొద్దు మునిగాక చేస్తారట. అవ్వ మాత్రం కోడలు ఇంటికొచ్చే వేళకు చేసింది.

మేడమ్ లోపలికి వచ్చింది. చేతిలో పుస్తకం, చెప్పులు సగం విడిచి అలాగే నిలబడిపోయింది. నేను వంటింటి గుమ్మం వెనక్కి నక్కాను. అవ్వ బల్ల పక్కన చేతులు కట్టుకుని, తల వంచి నిలబడి ఉంది, ఇన్నాళ్ళూ కోడలు తన ముందు నిలబడినట్టు. మేడమ్ ఫోటోను చూసింది. పుస్తకం నేల మీద పెట్టింది. ముందుకొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకు ఆనించి మొక్కింది. లేచి మళ్ళీ మొక్కింది. రెండోసారి లేవలేదు. ఆ భుజాలు కదలడం చూసి నేను గోడకు తిరిగాను. ఏడేళ్ళ ఏడుపు చాలాసేపే పట్టింది. అవ్వ దగ్గరికి పోలేదు, ముట్టుకోలేదు, నిలబడే ఉంది. చివరికి మేడమ్ మొహం తుడుచుకుని కొరియా భాషలో ఏదో అడిగింది. అవ్వ ఏదో చెప్పింది. అంతే.

సాయంత్రం గిన్నెలు తుడుస్తుంటే మేడమ్ వచ్చి పక్కన నిలబడింది. ఏమడిగారని అడిగే ధైర్యం లేదు నాకు. ఆమే చెప్పింది. "మా నాన్నకు ముల్లంగి సూపు ఇష్టమని మీకెవరు చెప్పారు అని అడిగాను. పెళ్ళి మాటలకు మా ఇంటికొచ్చినప్పుడు మీ నాన్న రెండోసారి అడిగి పోయించుకున్నారు అంది ఒమొని."

నేను ఆగలేక, మిద్దె మీద నేను చేసిన పని చెప్పేశాను. చెవి దగ్గర చెయ్యి పెట్టి చూపించాను కూడా. ఆమె కారుతున్న కుళాయి కట్టేసింది. "నేను ఇంగ్లీషులో చెప్పాను, నువ్వు చేతులతో చెప్పావు. కొరియా భాషలో చెప్పాల్సింది ఎవరూ చెప్పలేదు" అంది. కోప్పడలేదు. "మరి పోయిందా మేడమ్, అది?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "పోలేదు రెడీ. అయినా రేపు ఇంకో రెండు ముల్లంగులు తెప్పించు."

ఆ తర్వాత వాళ్ళిద్దరూ తల్లీకూతుళ్ళలా అయిపోయారని రాస్తే అబద్ధం. కానీ ఒకే వేళకు అన్నానికి కూర్చునేవాళ్ళు. అవ్వ ఎండు చేపల తలలు తుంచుతుంటే మేడమ్ కూడా వచ్చి నేల మీద కూర్చునేది. ఒకరోజు ఇద్దరూ ఏదో విషయానికి గట్టిగా వాదించుకున్నారు. ఆ ఇంట్లో నేను విన్న మొదటి గట్టి గొంతు అదే. నాకు భలే సంతోషమేసింది.

నేనూ నా సంగతి తేల్చుకోవాలనుకున్నాను. అమ్మకు చదువు రాదు. ఉత్తరం రాస్తే చదివి చెప్పేది మామే. కాబట్టి మల్లయ్యన్న టేప్‌రికార్డరు అడిగి తెచ్చుకుని క్యాసెట్‌లో మాట్లాడాను. క్షేమసమాచారం ఏమీ చెప్పలేదు. "నేను పాసైనానంట కదమ్మా. నాకు ఏంటికి చెప్పలేదు?" అని మాత్రం అడిగి ఆపేశాను. మా పక్క ఊరాయన సెలవుకు పోతుంటే ఇచ్చి పంపాను. రెండు నెలలకు జవాబు క్యాసెట్ వచ్చింది. మొదట కోళ్ళ అరుపు, ఎవరో బకెట్ పెట్టిన చప్పుడు. తర్వాత అమ్మ గొంతు, నేను నిజంగానే సముద్రానికి అవతల ఉన్నట్టు గట్టిగా అరుస్తూ: "చెప్పింటే నువ్వు పోయింటావా?" ఆ తర్వాత చాలాసేపు టేపు తిరిగే చప్పుడే. ఆపైన వాన పడిందనీ, మేక ఈనిందనీ, నాయన కట్టె పట్టుకుని నడుస్తాండాడనీ చెప్పింది. తప్పయిపోయింది పాపా అన్న మాట అమ్మ నోటి నుంచి ఎక్కడైనా వస్తుందేమోనని క్యాసెట్ రెండువైపులా చివరిదాకా విన్నాను. రాలేదు.

అవ్వ బల్ల నిండా వండి పెట్టింది. అమ్మ ఒక ప్రశ్న వేసి ఊరుకుంది. చెప్పి ఉంటే నేను పోయి ఉండను, అది నిజం. ఆ నిజమే ఇంకా ఎక్కువ కలుక్కుమనేది. ఇంకో రెండేళ్ళు అక్కడే ఉన్నాను. సారు కాంట్రాక్టు ముగిసి వాళ్ళు కొరియాకు వెళ్ళిపోయాక ఊరికి వచ్చాను. మెమో తెచ్చుకుని, ప్రైవేటుగా డిగ్రీ కట్టి, కడపలో ఒక స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరాను. అమ్మ నా పెళ్ళి చేసింది, నా కాన్పులు చేసింది, నా పిల్లల్ని పెంచింది. ఆ రిజల్టు సంగతి మాత్రం మా ఇద్దరి మధ్య మళ్ళీ ఎప్పుడూ రాలేదు. మేము బాగానే ఉండేవాళ్ళం. ఎప్పుడైనా ఆమె పొయ్యి వైపు తిరిగి కూర్చుంటే, ఆ వీపు చూసినప్పుడు మాత్రం నేను బయటికి వెళ్ళిపోయేదాన్ని.

ఇప్పుడు మా పాప రిజల్టు ఫోన్‌లో వస్తుంది. పరీక్ష రాసినదానికే అందరికంటే ముందు తెలుస్తుంది. ఎవరూ బస్సెక్కి పోనవసరం లేదు, ఎవరూ దాచలేరు. మంచిదే. ఆ పేపరు మా ఊరికి వచ్చి ఉంటే నా బతుకు ఎట్లా ఉండేదో అని చాలాసార్లు అనుకున్నాను. తొందరగా టీచరునయ్యేదాన్ని. జాడీల మీద పడే ఆ పొద్దుటెండ మాత్రం నాకు ఉండేది కాదు. ఏది ఎక్కువో తూచడానికి ఇన్నేళ్ళుగా ప్రయత్నిస్తున్నాను, తేలడం లేదు.

అమ్మ చివరి నెలలు ఆసుపత్రిలో గడిచాయి. స్కూలు అయ్యాక నేను నేరుగా అక్కడికే పోయేదాన్ని. ఒకరోజు ఆమె నిద్రపోతోందనుకుని మంచం పక్కన కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను.

"ఏం రాస్తాండావు?" అంది.

"పిల్లోళ్ళ పరీక్ష పేపర్లు."

"అందరూ పాసయినారా?"

"ఇంకా చూస్తాండా."

అమ్మ ఫ్యాను వైపు తిరిగింది. తర్వాత ఉన్నట్టుండి, "మూడు" అంది. సరిగా వినబడక, మంచినీళ్ళు అడుగుతోందేమోనని వంగాను. "మూడు, ఒకటి, సున్న, ఏడు, ఏడు, రెండు."

"ఏందమ్మా అది? ఎవరి ఫోన్ నంబరు?"

"నీదే. మీ మామ పేపర్లో చూసొచ్చి నా చెవిలో చెప్పినాడు. నాకు చదువు రాదు గదా. మరిచిపోతానేమోనని సెనిక్కాయలు ఒలిచేటప్పుడు రోజూ చెప్పుకుంటాంటి."

చేతిలోని పేపరు మంచం మీద పెట్టాను. "మరిచిపోతే ఏమమ్మా?"

"ఏమో పాపా" అంది. "మరిచిపోగూడదనిపించె."

ఆ హాల్ టికెట్ నంబరు నాకే గుర్తులేదు. రాత్రి ఇంటికి పోయి బీరువాలోంచి మెమో తీసి చూసుకున్నాను. ఒక్క అంకె కూడా తప్పు పోలేదు.